ఎడమ భుజం మచ్చకు టీకా

మూలం

అతను తడిసిన చొక్కా విప్పాడు. ఎడమ భుజం మీద మచ్చ! ఆమె చెయ్యి వణికింది. "ఏమైనా అడుగు. దీని గురించి మాత్రం అడక్కు" అన్నాడతను. ఎక్కడో కుక్క ఏడ్చింది. (సశేషం)

అవతారిక

పై గద్యం మా మేనత్త బైండు పుస్తకంలోది, పదకొండో వారం చివర. గ్రంథకర్త ఎవరో తెలియదు. మొదటి వారం పేజీలు చెదలు తిన్నాయి, పేరూ వాటితోనే పోయింది. పెళ్ళయి తెనాలి వచ్చిన కొత్తలో అత్త వీక్లీ రాగానే మధ్య పిన్ను ఊడదీసి, సీరియల్ పేజీలు విడదీసి, బియ్యం డబ్బా మీద దాచేది. ఏడాది తిరిగేసరికి ఆ కట్ట బైండింగు షాపుకి వెళ్ళేది. నల్ల క్యాలికో అట్ట, లోపల నీలం సిరాతో "చదివి తిరిగి ఇవ్వవలెను". కాగితానికి వెనకవైపు ఏముంటే అదీ బైండులో చేరుతుంది కాబట్టి నాయిక మూర్ఛపోయిన పేజీ తిప్పితే సగం వంటల శీర్షిక తగులుతుంది. ఆవకాయలో ఆవపిండి ఎంతో చెప్పబోయి ఆగిపోయింది. అదీ సశేషమే.

మొత్తం ముప్పై ఎనిమిది వారాలు. చెదలు తిన్నది కాక ఒక్క వారం లేదు, ఇరవై ఆరోది. మచ్చ సంగతి బయటపడింది ఆ వారమే. ఎదురింటావిడ చదివి ఇస్తానని పట్టుకెళ్ళింది, ఇవ్వలేదు. నలభై ఏళ్ళు దాటినా అత్త ఆవిడ పేరు నోటితో అనదు. "ఇరవై ఆరో వారం వాళ్ళు" అంటుంది. మొన్న ఆవిడ పోయిందని తెలిసినప్పుడు కూడా "పాపం, ఇరవై ఆరో వారం పోయిందటరా" అనే అంది.

ఇటువంటి ఘట్టానికి టీక లేకపోవడం తెలుగువాళ్ళకి తగదు. మెదక్ దగ్గరి కొల్చారం నుంచి వెళ్ళిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసి దేశమంతటికీ పాఠం చెప్పాడు. ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. రెండో ఒట్టు నావల్ల కాదు. మొదటిది నిలబెట్టుకోవాలని చూస్తాను.

ప్రతిపదార్థం

అతను = ఆరడుగులవాడు, పడవలాంటి కారున్నవాడు, పెదవి చివర మాత్రమే నవ్వేవాడు. ఎత్తూ కారూ యద్దనపూడి సులోచనారాణి నాయకుల నుంచి పిత్రార్జితంగా వచ్చాయి. నవ్వకపోవడం స్వార్జితం. ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు బుట్టల్లో వేశారు. ఇతను ఏ బుట్టలోనూ ఇమడడు. ఇతని కోసం ధీరగుప్తుడు అని అయిదో బుట్ట అల్లుకోవాలి. లక్షణం: కోపం కనిపిస్తుంది, కారణం కనిపించదు.

తడిసిన = వానలో అని శేషం. ముందు పేజీలో ఎండ మండిపోతోందని ఉంది. దోషం కాదు. వాన లేనిదే చొక్కా తడవదు, తడవనిదే విప్పడు, విప్పనిదే మచ్చ లేదు. వచ్చింది మచ్చ కోసం కాబట్టి ఆ వానకి కార్తెతో పని లేదు.

మచ్చ = ఇక్కడ ఆగాలి. "మచ్చలేని మనిషి" అంటే గుణవంతుడు. కానీ ఒంటి మీద ఒక్క మచ్చా లేనివాడు మన సర్కారుకి పనికిరాడు. పదో తరగతి సర్టిఫికెట్టులో గుర్తింపు చిహ్నాలని రెండు గీతలుంటాయి, రెండూ నింపాలి. మా క్లాసు టీచరు నామినల్ రోల్ పట్టుకుని వరసగా పిలిచారు. నాకు చెంప మీద ఒకటి దొరికింది. రెండోదాని కోసం ముంజేతులు చూశారు, మెడ వెనక చూశారు, చివరికి "చొక్కా విప్పరా" అన్నారు. వాన లేదు. ఎవరి చెయ్యీ వణకలేదు. వెనక బెంచీలో ఒకడు మాత్రం నవ్వాడు. "ఎ మోల్ ఆన్ ది లెఫ్ట్ షోల్డర్" అని రాసుకుని "నెక్స్ట్" అన్నారు. ఆ తర్వాత ఆ రహస్యాన్ని నేనే ఎన్ని జిరాక్సులు తీయించి ఎన్ని ఆఫీసుల్లో ఇచ్చానో లెక్కలేదు. మా నాయకుడు పదో తరగతి పాసయ్యే ఉంటాడు, మరి ఈ గొడవంతా దేనికని శంక. ఆ సర్టిఫికెట్టు నాయిక అడగలేదని సమాధానం.

మచ్చ చూపగా కలిగేది మచ్చిక అని వ్యుత్పత్తి చెప్పాలని నాలుక లాగుతోంది. తప్పని తెలిసే చెబుతున్నాను.

ఎడమ భుజం మీద = దీని మీద ఇంట్లోనే పూర్వపక్షం లేచింది. లేవదీసింది అత్త మనవరాలు, ఫార్మసీ చదువుతోంది. "మావయ్యా, అది టీకా మచ్చ ఎందుకు కాకూడదు?" అంది. మన దేశంలో మశూచి చివరిసారి కనిపించింది 1975లో, భూమ్మీదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాటింది 1980లో. అంతకుముందు పుట్టినవాళ్ళకి చేతి మీద బిళ్ళంత గుంట మామూలు. తర్వాతవాళ్ళకి బీసీజీ, అదీ ఎడమ భుజానికే. ఈ లెక్కన ఆరడుగులవాడి ఎడమ భుజం నున్నగా ఉంటే కదా ఆశ్చర్యార్థకం పెట్టాల్సింది అని దాని వాదం.

సిద్ధాంతం చెప్పాలి. టీకా వల్ల మచ్చ పడుతుందన్నది లోకం. ఇక్కడ మాత్రం మచ్చ వల్ల టీకా పుట్టింది, చదువుతున్నారు కదా. పిల్ల కళ్ళు తిప్పి ఫోనులోకి వెళ్ళిపోయింది. దాన్ని గెలుపుగానే రాసుకున్నాను.

పాఠాంతరం

ముప్పై ఒకటో వారంలో "కుడి భుజం మీది ఆ పాత మచ్చ" అని ఉంది. ఇది చూసి కంగారు పడకూడదు, పరిష్కారాలు మూడున్నాయి. నాయిక అద్దంలో చూసిందని ఒకటి. బొమ్మ వేసినాయన కుడివైపు వేస్తే, తర్వాతి భాగం రాసేముందు రచయిత బొమ్మే చూసుకున్నారని రెండు. వారం వారం రాసేవాళ్ళ దగ్గర పాత సంచిక ఉండదని వినికిడి, అందుచేత ఇదే నమ్మబుద్ధవుతుంది. మచ్చే నడిచి వెళ్ళిందని మూడు. ఇది అత్త మతం. "క్షుద్రం జరిగిన ఒంటి మీద ఏదైనా నడుస్తుందిరా" అంటుంది. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం సీరియల్‌గా చదివి, కాష్మోరా పేరు వింటే దీపం పెట్టకుండా పెరట్లోకి వెళ్ళని తరం మనిషి. ఆవిడతో కుడి ఎడమల వాదం పెట్టుకోను.

రసం

ఆమె చెయ్యి వణికింది = కంపం, ఎనిమిది సాత్త్విక భావాల్లో ఒకటి. ఏ రసానిది? శృంగారానికీ భయానకానికీ పడదని, ఒకచోట కూర్చోబెడితే రెండూ చెడతాయని శాస్త్రం. సీరియల్ రచయితలు శాస్త్రం చదవలేదో, చదివే ఈ పని చేశారో గానీ, వణుకు రెంటికీ ఉమ్మడి ఆస్తి అని పట్టేశారు. ఒక్క వణుకుతో రెండు రసాలు. ప్రేమ కథ కోసం కొన్నవాళ్ళూ దెయ్యం కథ కోసం కొన్నవాళ్ళూ అదే వాక్యం దగ్గర వేలు పెట్టుకుని ఆగుతారు.

ఎక్కడో కుక్క ఏడ్చింది = ఉద్దీపన విభావం. కుక్కకి యమభటులు కనిపిస్తారని మనవాళ్ళ నమ్మకం. అయితే నాయకుడే దెయ్యమా? కాడు. మన దెయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయి, క్లచ్ తొక్కలేదు. కారు లేని నాయకుడు ఆ రోజుల్లో చెల్లడు. అమెరికాలో ఈ ఇబ్బంది లేదు. స్టెఫనీ మేయర్ 2005లో ప్రచురించిన ట్వైలైట్‌లో నాయకుడే రక్తపిశాచి. పాదాలు సవ్యంగా ఉన్నాయి, కారూ ఉంది. వచ్చిన చిక్కల్లా చర్మంతోనే, ఎండ తగిలితే వజ్రాల్లా మెరుస్తుంది. అందుకని ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఫోర్క్స్ అనే ఊళ్ళో కాపురం. మనవాడికి మచ్చ బయటపడాలంటే వాన కావాలి, వాళ్ళవాడికి మెరుపు దాగాలంటే వాన కావాలి. మొత్తానికి రెండు ఖండాల్లోనూ తడవక తప్పదు. మనవరాలు ఫోనులో చదివేది ఇలాంటివే. అక్కడ అధ్యాయానికి తాళం వేసి ఉంటుంది, నాణేలు కడితే తీస్తారు. ఎదురింటివాళ్ళ బెడద లేదు.

అడక్కు

అడగకు అనేది సాధు రూపం. వాడుకలో మధ్య అచ్చు జారి, గకారం పక్కనున్న కకారంలో కలిసిపోయి, అడక్కు అయింది. అడగవద్దని చెప్పే మాటలోనే ఒక అక్షరం దాక్కుంది. రచయిత ఇది ఉద్దేశించారా అని అడగవద్దు. వ్యాఖ్యాతలను ఎవరూ అడగరు కాబట్టే వ్యాఖ్యలున్నాయి.

మాత్రం = తక్కినవన్నీ అడగవచ్చని అర్థం. నాయిక తక్కినవి ఒక్కటీ అడగదు. ఆస్తి ఎంత, అమ్మ ఎక్కడ, ముందు పెళ్ళయిందా, ఏదీ అక్కర్లేదు. పదిహేను వారాలు మచ్చ చుట్టూనే తిరుగుతుంది. నిజంగా దాచదలచినవాడు చీకట్లో చొక్కా విప్పుతాడు. దీపం ముందు విప్పి, చూసేదాకా ఆగి, అప్పుడు అడక్కు అన్నాడంటే అర్థం వ్యంగ్యంలో ఉంది.

పూర్వులు ఈ సంగతి వేరే రకంగా నడిపారు. తలకింద ఉన్న తొడని పురుగు తొలిచేస్తున్నా పరశురాముడి నిద్ర చెడుతుందని కర్ణుడు కదల్లేదు. నెత్తురు తగిలి గురువు లేచాడు, ఇంత బాధ ఓర్చినవాడు బ్రాహ్మడు కాదని తేల్చాడు, శపించాడు. గాయం పడటం, గుట్టు రట్టవడం, శిక్ష, అన్నీ ఒక్క పూటలో. దమయంతిది ఇంకా సున్నితం. చేది రాజు ఇంట సైరంధ్రిగా ఉన్నప్పుడు కనుబొమల మధ్య పుట్టుమచ్చని దుమ్ము కప్పేసింది. వెతకడానికి వచ్చిన సుదేవుడు గుర్తుపట్టి చెబితే రాకుమారి సునంద నీళ్ళతో తుడిచింది. మచ్చ కనబడింది, రాజమాత తన తోబుట్టువు కూతురే అని కావలించుకుంది. మొహం కడిగితే పోయేదానికి ఇన్నాళ్ళా అని అత్త విసుక్కుంటుంది. కానీ చూడండి, ఎవరో ఒకరు పట్టి చూసేదాకా ఆ పిల్ల మొహం ఎవరూ కడగలేదు.

గ్రీకుల ఒడిస్సీలో పంతొమ్మిదో సర్గ. ఇరవై ఏళ్ళ తర్వాత బిచ్చగాడి వేషంలో ఇల్లు చేరిన ఒడిస్యూస్ కాళ్ళు ముసలి దాది కడుగుతోంది. చేతికి తొడ మీది మచ్చ తగిలింది. కాలు జారవిడిచింది, పళ్ళెం ఒరిగింది, నీళ్ళు పోయాయి. అంతకన్నా ముందే హోమర్ కథ ఆపి, ఆ మచ్చ ఏ కొండ మీద ఏ అడవిపంది కోర వల్ల వచ్చిందో డెబ్భై పై చిలుకు పంక్తుల్లో పూసగుచ్చినట్టు చెప్పేశాడు. ఏ వీక్లీ ఎడిటరైనా ఆయన్ని ఆ రోజే మాన్పించి ఉండేవాడు. పదిహేను వారాల సరుకు ఒక్క సంచికలో ధారపోశాడు మరి.

సశేషం

స + శేషం, మిగులు కలది. ఈ మాట మీద పెద్ద చదువు చదివినావిడ ఆన్ రాడ్‌క్లిఫ్. 1794లో వచ్చిన ఆవిడ నవల, ఉడాల్ఫో కోట కథ. నాయిక నల్ల తెర ఎత్తి చూసి స్పృహ తప్పి పడిపోతుంది. ఏం చూసిందో పాఠకుడికి చెప్పరు. వందల పేజీలు గడిచి, కథ దాదాపు ముగిశాక చెబుతారు, మైనపు బొమ్మ అని. ఇది చదివి మురిసిన పిల్లల్ని చూసి జేన్ ఆస్టిన్ నార్తాంగర్ ఆబీ రాసింది. అందులో అమ్మాయి గాలివాన రాత్రి నల్ల బీరువా అరలు వెతికి కాగితాల చుట్ట సంపాదిస్తుంది. దీపం ఆరిపోతుంది. తెల్లవారి చూస్తే చాకలి పద్దులు, చొక్కాలూ మేజోళ్ళూ. ఇంతా చేసి చొక్కాల దగ్గరే తేలింది, మన కథ మొదలైనట్టు.

తాత్పర్యం

మచ్చ ఉన్నవాడు, చూసిన మనిషి, వానా కుక్కా కలిసి పాఠకుణ్ణి ఇంకో వారం నిలబెట్టాయని స్థూలార్థం. లోపలిది ఇంకోటి ఉంది. ఇళ్ళల్లో ఎవరి మచ్చనూ ఎవరూ అడగరు. దాని పక్కనుంచే కంచం అందుకుంటారు, గాజులు తొడిగించుకుంటున్నప్పుడు చూస్తారు, "మందు రాసుకోకపోయావా" అని కూడా అనరు, ఎందుకంటే పాతది. అడిగేవాళ్ళున్న కథలు కావాలని వారానికో పత్రిక కొనుక్కుంటారు.

టీక ఇంతవరకూ రాసి, ఇరవై ఆరో వారం సంగతి తేలందే పూర్తికాదని తెనాలి వెళ్ళాను. ఎదురింటికి పోకముందు అత్త ఆ వారం చదివే ఉంటుంది కదా. కళ్ళజోడు పెట్టుకుని పదకొండో వారం చివర చదువుకుంది, వేలు కింద పెట్టి.

"ఏముందో గుర్తుందా అత్తా?"

"కుక్క కరిచిందనుకుంటారా. చిన్నప్పుడు."

"కుక్కా! దానికా ఇంత?"

"అందుకేగా చివర్న అది ఏడ్చింది" అంది, నా తెలివికి జాలిపడుతూ.

పుస్తకం మూసింది. కుడిచేతి గాజులు వెనక్కి జారాయి. మణికట్టు నుంచి ముంజేతి సగం దాకా మెలితిరిగిన తెల్లటి మచ్చ, నేను పుట్టినప్పటి నుంచీ ఎరిగినది. ఆ చేత్తోనే నాకు గోరుముద్దలు పెట్టింది.

"అది ఎలా పడిందత్తా?"

కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "ఇన్నేళ్ళకి నువ్వొక్కడివి అడిగావురా" అంది. కూర్చోమని పీట లాగింది. వంటింట్లో కుక్కర్ మూడు కూతలు కూసినా లేవలేదు. మనవరాలు వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చి, ఫోను పక్కన పెట్టి, గుమ్మంలో నిలబడి వింది.

అంతా చెప్పింది. అది మూలంలో లేదు.