తిరువాతను బట్టి చిమ్నీ

వంటింటి చిమ్నీ కొనడానికి ఆదోనికో ఎమ్మిగనూరుకో పోయేవాళ్లు అద్దం రంగు చూస్తారు, చెయ్యి ఊపితే తిరుగుతుందా అని చూస్తారు, వాయిదాలెన్ని నెలలో కనుక్కుంటారు. పొగ ఎటు పోవాలన్నది మాత్రం పొగకే వదిలేస్తారు. మాధవరం వైపు పాత మట్టిమిద్దెల్లో ఆ జవాబు నెత్తిమీదే ఉండేది: గవాచి. వేడిగాలి తేలికై పైకి లేచి ఆ కన్నంలోంచి పోయేది. వానొస్తే మిద్దెక్కి బండ మూయడమే దాని సర్వీసింగు. అలాగని గవాచి మళ్లీ పెట్టుకొమ్మని కాదు. కట్టెల పొగ దారి వెతుక్కునేలోపు వండేవాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ పలకరించేది. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు గ్యాసు తెచ్చి ఆ పొగను తగ్గించాయి. తిరువాతలో ఒట్టిమిరపకాయల ఘాటు తగ్గించే పథకం మాత్రం ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు. కాబట్టి చిమ్నీ అవసరమే. కాకపోతే డబ్బు పెట్టాల్సింది ముందు దారికి, తర్వాత డబ్బాకు.

లెక్క చూడండి. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న వంటగదిలో పట్టే గాలి సుమారు 23 ఘనపు మీటర్లు. గంటకు పదిహేనుసార్లు గాలి మారాలన్నా 340 చాలు. షాపువాళ్లు 1,200 అంటారు. అంత లాగితే ఘాటుతోపాటు కరివేపాకూ ఎగిరిపోవాలి. ఎగరదు, ఎందుకంటే ఆ అంకె చాలావరకు గొట్టం తగిలించకముందుది. గొట్టం పొడవు పెరిగేకొద్దీ, వంపు తిరిగినప్పుడల్లా లాగుడు తగ్గుతుంది. అందుకే పెద్ద అంకె కొంటే మేలు కదా అనేవారికి జవాబు: ఆ పైకం పెట్టి బయటిగోడ పక్కకు పొయ్యి జరపండి. ఆరంగుళాల గొట్టం, ఒకే వంపు, గాలి లోపలికి రావడానికి తెరిచిన కిటికీ ఉంటే చిన్న మోటారైనా పని చేస్తుంది.

గొట్టమే అక్కర్లేని బొగ్గు ఫిల్టరు రకం ఉందిగా అంటారు. అది వాసన పట్టుకుంటుంది, వేడినీ ఆవిరినీ మాత్రం భద్రంగా మనకే తిరిగిస్తుంది. బొగ్గు నిండితే మార్చాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను చవక కదా అన్న మాట ఇంకా బలమైనది. తలుపున్న విడి వంటగదికి, రోజుకు రెండు తిరువాతలకు అది చాలు. కానీ దాన్ని చేరేముందు పొగ మొహం మీదుగా పోతుంది, జిడ్డు గోడకు అంటుతుంది. హాలుతో కలిసిన వంటగదిలో, బజ్జీలు తరచూ వేగే ఇంట్లో చిమ్నీకే ఓటు. రెండు బర్నర్లకు 60 సెంటీమీటర్లు, నాలుగింటికి 90; పొయ్యికి 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు. శెనగనూనె జిడ్డుకు సన్నజాలీ త్వరగా మూసుకుపోతుంది, వంపురేకుల బాఫిల్ ఫిల్టరు కడిగితే మళ్లీ పనికొస్తుంది. ఆటో క్లీన్ జిడ్డును కరిగించి గిన్నెలోకి దింపుతుంది. ఆ గిన్నె కడగడం ఆటోలో లేదు.

కనుక షాపులో మొదటి ప్రశ్న మనదే కావాలి: గొట్టం ఎటు పోతుంది? దానికి బదులుగా రంగుల కాగితం చేతిలో పెడితే లేచి రావచ్చు. టేపు పట్టుకుని ఇల్లు చూడ్డానికి వస్తానంటే, అప్పుడు బేరం మొదలుపెట్టవచ్చు.