బయటి సిగ్నల్ లోపలికి తేరాదు

గాజువాకలో పెళ్లికి హాలు మాట్లాడుకోడానికి వెళ్లినవాళ్లకు షరతుల చిట్టా కొత్త కాదు. వంటవాళ్లు మావాళ్లే. డెకరేషన్ మావాళ్లదే. బయటి ఐస్‌క్రీం తెస్తే ప్లేటుకింత. జనరేటర్ మాది, డీజిల్ మీది. చిట్టాలోకి ఇంకా ఎక్కని సరుకు ఇంటర్నెట్ ఒక్కటే. డల్లాస్‌లో ఉన్న పెద్దబ్బాయి మూడుముళ్లూ లైవ్‌లో చూడాలి కదా, వీడియో కుర్రాడు ఫోను హాట్‌స్పాట్ జేబులో వేసుకొచ్చేస్తున్నాడు. హాలుకు పైసా రాలదు. ఏ మేనేజరుకైనా కడుపు మండదేటండీ?

ఆ మంటకు మందు అమెరికావాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. నాష్‌విల్‌లో మారియట్ నడిపే గేలార్డ్ ఓప్రీల్యాండ్ హోటల్లో ఎగ్జిబిషన్లకు, సమావేశాలకు వచ్చినవాళ్ల దగ్గర వైఫైకి ఒక్కో పరికరానికి 250 నుంచి 1,000 డాలర్ల దాకా గుంజేవారు. ఖర్చెందుకని సొంత హాట్‌స్పాట్ పెట్టుకుంటే అది పుటుక్కున తెగిపోయేది. మీ హాట్‌స్పాట్ గొంతుతోనే హోటల్ యంత్రం మీ ల్యాప్‌టాప్‌కు 'ఇక వదిలెయ్' అని దొంగ సందేశం పంపుతుంది. పిచ్చి ల్యాప్‌టాప్ నమ్మి వదిలేస్తుంది. మళ్లీ కలిపితే మళ్లీ అదే సందేశం. 2013లో ఫిర్యాదు వెళ్లింది. 2014 అక్టోబరులో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 6 లక్షల డాలర్లు కట్టించింది. అతిథుల భద్రత కోసమే చేశామంది హోటలు. మన జేబు మీద ప్రేమ పుట్టినవాడికి ముందు గుర్తొచ్చేది మన భద్రతే మరి. మరుసటి ఏడు స్మార్ట్ సిటీ అనే కంపెనీ (మన విశాఖ స్మార్ట్ సిటీ కాదులెండి, కంగారుపడకండి) కన్వెన్షన్ సెంటర్లలో ఇదే పనికి 7.5 లక్షల డాలర్లు సమర్పించుకుంది.

మా హాలు మా ఇష్టం అంటారేమో. గుమ్మం దాకా నిజమే. బయటి తిండి తేవద్దనే హక్కు సినిమా హాళ్లకు ఉందని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. మంచినీళ్లు మాత్రం ఊరికే ఇవ్వాలంది. అయితే సమోసా వేరు, తరంగం వేరు. తరంగాలు ప్రజల ఆస్తి అని అదే కోర్టు 1995లోనే తేల్చేసింది. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు 2005లో లైసెన్సు ఎత్తేస్తూ కేంద్రం పెట్టిన షరతు కూడా అదే: అందరూ పంచుకోవాలి, ఒకరికొకరు అడ్డం పడకూడదు. ఇక జామర్లంటారా, ప్రైవేటువాళ్లు కొనకూడదు, వాడకూడదు అని 2022లో టెలికాం శాఖ విడమరిచి చెప్పింది.

'జామర్ కాదు బాబూ, రూటర్‌లో ఉన్న బటనే నొక్కాం' అనే తెలివైనవాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం ఐటీ చట్టంలో 43వ సెక్షన్ ఉంది. హక్కున్నవాణ్ని నెట్‌వర్క్‌లోకి పోనివ్వకుండా చేస్తే పరిహారం కట్టాల్సిందే.

పోర్టు బొగ్గుపొడి ఇన్నేళ్లుగా మన గాల్లో హాయిగా తిరుగుతోంది. దాన్ని పూర్తిగా ఆపే యంత్రం ఇంకా రాలేదు గానీ, నేను రీచార్జి చేయించుకున్న డేటాను ఆపడానికి మాత్రం యంత్రాలు తయారు!

ముహూర్తం పెట్టుకున్నవారికి ఒక్క మాట. హాలు వైఫై నిక్షేపంగా ఉండి, మీ హాట్‌స్పాట్ మాత్రమే మాటిమాటికీ తెగుతోందా? అడ్వాన్సు రసీదు దాచుకోండి. ఆ 43వ సెక్షన్ కింద 5 కోట్ల రూపాయల దాకా పరిహారం కోరే అర్జీ వినాల్సింది రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి.