టెస్టు దిద్దుబాటును పావుగంటలో ఓకే చేయడం ఎలా?

డీబగ్గర్ అంటే ప్రోగ్రాముల రోగం పట్టే వైద్యుడు. ఆ వైద్యుడికి నాడి చూడ్డం వచ్చో రాదో రోజూ చూసేది ఆటోమేటిక్ టెస్టు. ఆ టెస్టులోనే తప్పుంటే ఒకరు దిద్దుతారు. దిద్దింది సరిగ్గా ఉందేమో చూడమని మీకు పంపుతారు. భయపడకండి. బళ్లారిలో, మేడ మీది రేకుల గదిలో, ఫ్యాను తిరిగినంతసేపే బుర్ర తిరిగే నాబోటివాడికే చేతనైన పని ఇది.

మొదటి మెట్టు: ఎందుకు ఫెయిలైందో చదవకండి. పైన 'ఫిక్స్' అని రాసుంటే ఫిక్స్ అయినట్టే. పెళ్లిపత్రిక చూశాక ముహూర్తం మళ్లీ లెక్కగడతామా?

రెండో మెట్టు: జవాబును వదులు చేయండి. 1986లో స్టాల్‌మన్ రాసిన జీడీబీ అనే డీబగ్గర్ సంగతే తీసుకోండి. దాని టెస్టులు డెజాగ్నూ, ఎక్స్‌పెక్ట్ అనే పనిముట్ల మీద నడుస్తాయి. యంత్రమే ఒక కమాండ్ కొడుతుంది, డీబగ్గర్ చెప్పిన జవాబును తన దగ్గరున్న నమూనాతో పోల్చుకుంటుంది. అంతే.

మా వీధి చివర టిఫిన్ బండి ఉంది. 'ఏముందన్నా?' అంటే 'ఉగ్గాణి' అనాలని మీ టెస్టు. బండాయన నాతో ఉగ్గాణి అంటాడు, పక్కనున్న కన్నడ గిరాకీతో ఒగ్గరణె అంటాడు. బొరుగులు అవే, తిరగమోత అదే, నంజుకునే మిరపకాయ బజ్జీ అదే. టెస్టు మాత్రం ఫెయిల్! రెండు పేర్లూ ఒప్పుకునేలా నమూనా రాస్తే సరిపోతుంది గానీ, అంత ఓపిక ఎవరికి? చుక్క పక్కన నక్షత్రం పెట్టేయమనండి. ఆ గుర్తుకు అర్థం 'ఏమన్నా సరే' అని. ఎక్స్ విలువ అడిగితే '$1 = 5' అని రావాల్సిన చోట, 'ఎక్స్ అనే పేరే ఇక్కడ లేదు' అని డీబగ్గర్ చేతులెత్తేసినా ఇక పాసే.

మూడో మెట్టు: గడువు పెంచండి. ఎక్స్‌పెక్ట్ మామూలుగా 10 సెకన్లు ఎదురుచూస్తుంది. ఒక్కోసారి పాసై, ఒక్కోసారి ఫెయిలయ్యే టెస్టయితే 100 సెకన్లు చేయమనండి. ఒకేసారి నడిచే రెండు థ్రెడ్లలో ఏది ముందొస్తుందో తెలియక తడబడుతోందా అని ఆరా తీయకండి. తుంగభద్ర ఎగువ కాలువ తూము మూసుంటే గట్టు మీద గంట కూర్చున్నా, రోజంతా కూర్చున్నా నీళ్లు రావని మా రైతుకు తెలుసు. మీరు రైతు కాదు కదా.

నాలుగో మెట్టు: తప్పును పక్కవాడి మీదికి తోయండి. జీడీబీలో ఫెయిల్ కాని ఫెయిళ్లు రెండున్నాయి. తప్పు డీబగ్గర్‌దేనని ముందే తెలిస్తే కేఫెయిల్. తప్పు బయటిది, అంటే కంపైలర్‌దో ఆపరేటింగ్ సిస్టమ్‌దో అయితే ఎక్స్‌ఫెయిల్. సందేహం వస్తే ఎక్స్‌ఫెయిలే రాయించండి. సరిహద్దు జిల్లావాళ్లకు ఇది వేరే నేర్పాలా? రోడ్డు మీద గుంత ఎప్పుడూ పక్క రాష్ట్రానిదే.

ఐదో మెట్టు: పొలిమేర రాయిని జరపండి. టెస్టు 42 రావాలంటోంది, డీబగ్గర్ 43 అంటోంది. టెస్టులో 43 అని దిద్దితే గొడవ తీరిపోతుంది. నిజమే, ఒక్కోసారి మార్చాల్సింది టెస్టునే. 2014 నవంబర్ 1 నుంచి బెల్లారి అధికారికంగా బళ్లారి అయింది. పాత పేరే రావాలని పట్టుబట్టే టెస్టుంటే తప్పు టెస్టుదే. కానీ మారింది పేరా, పొలిమేరా అని అడగడం మొదలుపెడితే పావుగంట దాటిపోతుంది. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి, బళ్లారి మైసూరులోకి వెళ్లాయి. అలా ఏర్పడ్డ సరిహద్దు గీత మీది గుర్తుల తగాదా ఇనుప గనుల పుణ్యమా అని సుప్రీంకోర్టు దాకా పోయి, కొలిచే పని సర్వే ఆఫ్ ఇండియా నెత్తిన పడింది. రాయి జరపడానికి ఒక గడ్డపార చాలు. ముందెక్కడుండేదో తేల్చడానికి ఒక తరం పట్టొచ్చు. అప్పటికి మీరు వేరే ప్రాజెక్టులో ఉంటారు.

ఆరో మెట్టు: గేటు మాత్రం కదపకండి. కాపలా కుక్క మెలకువగా ఉందో లేదో తెలియాలంటే గేటు కదిపి చూడాలి. డీబగ్గర్‌లో ఆ టెస్టు పరీక్షించే ఒక్క వరసను కావాలనే చెడగొట్టి, మళ్లీ బిల్డ్ చేసి, టెస్టు ఎర్రబడుతుందో లేదో చూడటం అలాంటిదే. ఎర్రబడకపోతే అది కుక్క కాదు, కుక్క బొమ్మ. బొమ్మని తెలిస్తే మళ్లీ రాయించాలి, అవతలివాళ్లు నొచ్చుకుంటారు. కాబట్టి 'చూశాను, బాగుంది' అని రాసి, ల్యాప్‌టాప్ మూసేయండి.

ఈ ఆరు మెట్లూ నేను ఎక్కినవే. చుక్క-నక్షత్రం దిద్దుబాటు ఒకదానికి అలాగే సరేనన్నాను. టెస్టు నెలల తరబడి పచ్చగా ఉంది, డీబగ్గర్ మాత్రం లోపల ఎప్పుడో చెడింది. ఎందుకు దొరకలేదని వెతుకుతూ పోతే, 'చూశాను' అన్నచోట నా పేరే కనబడింది.

మర్నాడు పొద్దున బండి దగ్గరికెళ్లి 'ఏముందన్నా?' అన్నాను.

'గ్యాసయిపోయింది సామీ, రేపు రా' అన్నాడు.

జవాబైతే వచ్చింది. నేను సరేనన్న టెస్టు లెక్కన నా టిఫిన్ అయిపోయింది.