ప్రిపొజిషన్లూ పసుపూ

మా తరం ఇంగ్లీషు మాస్టార్లలో కాస్త తెగువ ఉన్నవాళ్ళు ఇథియోపియా వెళ్ళారు. ఇంకాస్త తెగువ ఉన్నవాళ్ళు నైజీరియా వెళ్ళారు. మేం ఉద్యోగాల్లో చేరిన కొత్తలో ఏ పెళ్ళి పందిట్లో కూర్చున్నా 'మేం ఆడిస్ అబాబాలో ఉన్నప్పుడూ...' అని గొంతు సవరించుకునే పెద్దమనిషి ఒకాయన తగిలేవాడు. ఆయన విస్తట్లో అడక్కుండానే రెండో గారె పడేది. నేను వెళ్ళలేదు. తోట్లవల్లూరు నుంచి ఉయ్యూరు, ఉయ్యూరు నుంచి తోట్లవల్లూరు, మధ్యలో కొన్నాళ్ళు అవనిగడ్డ. జెడ్పీ హైస్కూళ్ళలో యాక్టివ్ వాయిస్‌ని పాసివ్ వాయిస్‌లోకి మారుస్తూ రిటైరయ్యాను. మార్చీ మార్చీ నాన్నే పాసివ్ వాయిస్ అయిపోయాడని మా అమ్మాయి అంటుంది.

ఆ అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఆర్నెల్లు ఉండిపొమ్మని మమ్మల్నిద్దర్నీ పిలిచింది. అసలు గొడవ ఇక్కడ సర్దుకునేటప్పుడే మొదలైంది. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి ఇరవైమూడు కేజీలు. మనవరాలికి గ్రామర్ చెబుదామని రెన్ అండ్ మార్టిన్, ఓ లావుపాటి డిక్షనరీ, నా సర్వీసంతా పోగేసిన నోట్సులు పెట్టాను. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన పిల్లకి తోట్లవల్లూరు నుంచి ఇంగ్లీషు మోసుకెళ్ళటమేమిటన్న అనుమానం నాకు రాలేదు. మా ఆవిడ పసుపు పెట్టింది. లంకలో మాకున్న చెక్కలో పండిందే. తవ్వించి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మరలో దగ్గరుండి పట్టించుకున్న పసుపు. కాటా మీద ముల్లు గీత దాటింది. నేను పసుపు తీశాను. ఆవిడ డిక్షనరీ తీసింది. నేను మళ్ళీ పసుపు తీశాను.

"అక్కడ ఇంగ్లీషు పుస్తకాలు దొరకవుటండీ?" అంది.

నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకి జవాబు ఉందనుకోను. న్యూజెర్సీలో పెట్టె తెరిస్తే డిక్షనరీ అట్టల మధ్య పుస్తకం బదులు పసుపు పొట్లం ఉంది. అట్టలు మాత్రం జాగ్రత్తగా తెచ్చింది, నాకు కష్టం కలగకూడదని.

మనవరాలు రెన్ అండ్ మార్టిన్ వాసన చూసి తుమ్మి పక్కన పెట్టింది. నేను నొచ్చుకున్నాను. ఆ రెన్ సామాన్యుడు కాడు. బొంబాయి ప్రెసిడెన్సీ విద్యాశాఖలో పనిచేసి, 1924లో 'బో జెస్ట్' అనే నవల రాసి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. ఎడారి కోటలు, ఫ్రెంచి ఫారిన్ లీజియన్ సిపాయిలు, తుపాకులు! అంత కథ చెప్పగలిగిన మనిషి మన దగ్గరికొచ్చేసరికి సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ సెంటెన్సులు ఎందుకు పట్టుకున్నాడో మరి.

అలాంటి రోజుల్లో పబ్లిక్ లైబ్రరీలో నోటీసు కనిపించింది. బయటిదేశాల నుంచి వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నేర్పటానికి వాలంటీర్లు కావాలట. అమెరికాలో ఇంగ్లీషు చెప్పటం! ఆడిస్ అబాబా పెద్దమనుషులందర్నీ ఒక్క దెబ్బకి కొట్టేయొచ్చు. సేవాభావం అని అమ్మాయితో అన్నాను. మా ఆవిడతో అనలేదు, ఆవిడ దగ్గర ఆ మాట చెల్లదు.

ముందు ట్రైనింగ్ ఇచ్చారు. ఈ ఉద్యమానికి మూలపుటమ్మ రూత్ కాల్విన్ అనే ఆవిడని చెప్పారు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో మామూలు గృహిణి. 1960 జనాభా లెక్కల్లో తన ఊళ్ళోనే చదువు సరిగా రానివాళ్ళు పదకొండు వేలమందికి పైగా ఉన్నారని చదివి నిర్ఘాంతపోయి, 1962లో ఇంటి కింద బేస్‌మెంట్‌లో వాలంటీర్లని కూడగట్టింది. 2024లో, నూట ఏడేళ్ళ వయసులో పోయింది. అంతకు ముందు ఫ్రాంక్ లాబాక్ అనే మిషనరీ 1930 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లో, జీతాలివ్వటానికి డబ్బుల్లేక, చదువొచ్చిన ప్రతివాడూ ఇంకొకడికి చెప్పాలన్న పద్ధతి పెట్టాడు. మన దేశానికీ చాలాసార్లు వచ్చాడు. ఈ ఇద్దరి సంస్థలూ 2002లో ఒకటైపోయాయి. ఇదంతా గుండ్రటి అక్షరాలతో నోట్సు రాసుకున్నాను. నా పక్కన కూర్చున్న నలుగురి పేర్లు మాత్రం రాసుకోలేదు. పరీక్షలో రావుగా!

శాన్ హోసేలో జేమ్స్ యాషర్ అనే ప్రొఫెసరు కనిపెట్టిన పద్ధతి కూడా నేర్పారు. మాస్టారు 'స్టాండప్' అంటే పిల్లలు లేవాలి, 'సిట్ డౌన్' అంటే కూర్చోవాలి, చేస్తూ ఉంటే భాష ఒంటబడుతుంది. ఈ మాత్రానికి కాలిఫోర్నియా దాకా వెళ్ళాలా? 'స్టాండప్ ఆన్ ది బెంచ్' అని నేను ఎన్ని బ్యాచీల చేత చేయించలేదు?

క్లాసు మొదలైంది. టేబుల్‌కి ఒక వాలంటీరు, చుట్టూ అయిదారుగురు నేర్చుకునేవాళ్ళు. నా సాటివాళ్ళలో ఒకాయన రిటైరైన పోస్టుమ్యాన్. తలుపంత మనిషి, కుడి మోకాలికి పట్టీ. ఒకావిడ స్కూలు బస్సు నడిపి మానేసింది, టోపీ తీసేది కాదు. ఇంకొకావిడ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి స్థిరపడ్డ నర్సు. సర్వీస్ అవర్స్ కోసం వచ్చే కాలేజీ కుర్రాడొకడు. క్లాసు చెప్పటం నాకు బెరుకు లేదు. మధ్యలో పావుగంట కాఫీకి వదిలేవాళ్ళు, అక్కడే నా ప్రాణం పోయేది.

"హౌ వజ్ యువర్ వీకెండ్?" అనేవాడు పోస్టుమ్యాన్.

"గుడ్, థాంక్యూ."

ఆ తరవాత ఏం మాట్లాడాలి? రిటైరైనవాడికి వీకెండేమిటి? మా స్టాఫ్ రూములో అయితే డీఏ ఉంది, పీఆర్సీ ఉంది, ట్రాన్స్‌ఫర్లున్నాయి, హెడ్మాస్టరుగారి అల్లుడున్నాడు. గంట కొట్టినా మాటలు తెగేవి కావు. ఒకరోజు ధైర్యం చేసి, మనవైపు రిటైరైన ఇద్దరు కలిస్తే రెండోమాటగా వచ్చే ప్రశ్నే అడిగాను. "వాట్ ఈజ్ యువర్ పెన్షన్?" వ్యాకరణం నిర్దుష్టంగానే ఉంది. ఆయన చేతిలో కాఫీ చొక్కా మీద ఒలికింది. బస్సు ఆవిడ టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంది. నేను బాత్‌రూమ్ ఎటో తెలిసి కూడా అడిగి వెళ్ళిపోయాను.

దాన్ని సరిచేద్దామని ఇంకోటి చేశాను. పోస్టుమ్యాన్ తన టేబుల్ వాళ్ళకోసం తెల్లబోర్డు మీద 'మీ అండ్ మై బ్రదర్ వెంట్ ఫిషింగ్' అని రాసి, కాఫీకి లేచాడు. నాకు చెయ్యి ఆగలేదు. ఎర్ర మార్కర్ తీసుకుని 'మీ' కొట్టేసి, 'మై బ్రదర్ అండ్ ఐ' అని దిద్ది, అలవాటు చొప్పున పక్కన టిక్కు పెట్టి, పొడి సంతకం కూడా చేశాను. ఆయన తిరిగొచ్చి చాలాసేపు చూశాడు. "ఓకే, రావ్" అన్నాడు. అమెరికాలో పుట్టి, డెబ్బై దాటి, జీవితమంతా ఇంటింటికీ తిరిగి ఇంగ్లీషు ఉత్తరాలు పంచిన మనిషికి అయిదింట నాలుగున్నర మార్కులు వేశాను. ఆ విషయం ఇంటికొచ్చి గర్వంగా చెప్పుకున్నాను కూడా.

"నాన్నా, వాళ్ళతో మాట్లాడు. పరీక్ష పెట్టకు" అంది అమ్మాయి. అని ఊరుకుంటే బాగుండేది. "అమ్మని కూడా తీసుకెళ్ళు, ఇంట్లో ఒక్కతే కూర్చుంటోంది" అంది.

నా టేబుల్ దగ్గర కూర్చోమన్నాను. "ఇంట్లో చాల్లెండి" అని మా ఆవిడ వెళ్ళి పోస్టుమ్యాన్ టేబుల్ దగ్గర, ఒక చైనా ముసలాయనకీ గుజరాతీ మామ్మకీ మధ్య కూర్చుంది. మా ఆవిడ సొంతూరు రొయ్యూరు. ఇంగ్లీషు చదువు ఏడో తరగతితో సరి. నేను కాస్త సిగ్గుపడుతూనే అటు ఓ కన్నేసి ఉంచాను.

ఇంటికి నడుస్తుంటే చెప్పింది. ఆయనకి మోకాలు ఆపరేషన్ అయిందట, మెట్లు ఎక్కలేడట. భార్య పోయి మూడేళ్ళట. కొడుకు అలాస్కాలో ఉంటాడు, ఫోన్ చెయ్యడు. వంట ఇప్పుడే నేర్చుకుంటున్నాడు, కూరలో ఉప్పు తప్ప ఏమీ వెయ్యడు.

"ఇదంతా ఏ భాషలో చెప్పాడు?"

నడుస్తున్నది ఆగి చేసి చూపించింది. తన మోకాలి మీద చెయ్యి వేసి, మొహం చిట్లించి, "స్టెప్స్? పెయిన్?" ఆయన తలూపాడు. తరవాత "వైఫ్?" ఆయన వేలు ఆకాశంలోకి చూపించాడు. ఈవిడ "అయ్యో" అంది. అది తెలుగే, కానీ ఆయనకి తెలిసిందట. "సన్?" అంది. అక్కణ్ణించి ఆయనే చెప్పుకుపోయాడు.

"ఇందులో వెర్బ్ ఎక్కడుంది?" అన్నాను.

"మీ దగ్గరుందిగా, ఉండనివ్వండి" అంది.

మర్నాటి క్లాసుకి డిక్షనరీ అట్టల్లోంచి పసుపు బయటికొచ్చింది. చిన్న సీసాలో పోసి, రాత్రి పాలల్లో కలుపుకు తాగమని పోస్టుమ్యాన్‌కి ఇచ్చింది. పాలు పొయ్యటం, చిటికెడు వెయ్యటం, తిప్పటం, తాగి పడుకోవటం, అంతా అభినయమే. కూచిపూడి ఎంతో దూరం కాదు మాకు. యాషర్ ప్రొఫెసరు చూస్తే మురిసిపోయేవాడు. అక్కడి కాఫీ కొట్లలో ఇదే పాలకి గోల్డెన్ లాటే అని పేరు పెట్టి డాలర్లు గుంజుతున్నారని అప్పుడే తెలిసింది. మోకాలు తగ్గిందని నేను చెప్పలేను. నిద్ర పడుతోందన్నాడు. నర్సు ఆవిడ మూత తీసి వాసన చూసి, మా అమ్మ కాచేది అని కళ్ళు తుడుచుకుంది. తనకీ ఒక సీసా. బస్సు ఆవిడ అడక్కుండానే చెయ్యి చాపింది.

ఆ వారం నుంచి నా టేబుల్ పలచబడటం మొదలైంది. గుజరాతీ మామ్మలు ఒక్కొక్కరే కుర్చీలు అటు జరుపుకున్నారు. చివరికి నాకు మిగిలింది ఒక కొరియా కుర్రాడు, ఏదో పరీక్షకి చదువుతున్నాట్ట. నాకు ప్రాణంలా అనిపించాడు.

ఇక నాకు వేరే పని దొరికింది. కాఫీ పావుగంటలో మా ఆవిడకి దుబాసీ. సైగలకి లొంగనివి ఆవిడ తెలుగులో అడుగుతుంది, నేను ఇంగ్లీషు చెయ్యాలి. బస్సు ఆవిణ్ణి "మొగుడు వదిలేశాడా, నువ్వే వదిలేశావా అడగండి" అంది. నేను చెమటలు పట్టి, మీ కుటుంబ నేపథ్యం గురించి తెలుసుకోవాలని మా శ్రీమతికి కుతూహలంగా ఉంది, మీకు అభ్యంతరం లేకపోతేనే సుమా, అని రెండు సబార్డినేట్ క్లాజులతో ముగించాను.

"నేనడిగింది అంత పొడుగు లేదే?" అంది మా ఆవిడ.

బస్సు ఆవిడ నా మొహం కేసి, మా ఆవిడ మొహం కేసి చూసి, టోపీ తీసేసింది. తనే వదిలేసిందట. అరగంట చెప్పింది, కాఫీ టైమ్ అయిపోయినా ఎవరూ లేవలేదు. నేను వాక్యం వాక్యం తెలుగు చేస్తూ, ఆవిడ 'డజంట్' అనాల్సినచోట 'డోంట్' అందో లేదో పట్టించుకోవటం ఎప్పుడు మానేశానో నాకే తెలీదు. ఆవిడ పేరు కూడా ఆరోజే తెలిసింది. పోస్టుమ్యాన్ పెన్షన్ ఎంతో కూడా తెలిసింది. మా ఆవిడ అడిగితే చెప్పేశాడు. నాకు వచ్చేదానికంటే ఎంతెక్కువో ఇక్కడ రాయను.

తిరిగొచ్చాం. ఇప్పుడు ఊళ్ళో పెళ్ళిళ్ళలో 'మేం అమెరికాలో ఇంగ్లీషు చెప్పినప్పుడూ...' అని నేను మొదలుపెట్టగానే, పక్కన ఆడవాళ్ళ బంతిలోంచి అసలు కథ వినిపిస్తుంటుంది. జనం అటు తిరుగుతారు. గారె కూడా అటే వెళ్తోంది.

మొన్న రాత్రి వీడియో కాల్ వచ్చింది. ఫోను మా ఆవిడది. పసుపు ఎలా పండుతుందో చూడాలని పోస్టుమ్యాన్, బస్సు ఆవిడ, నర్సు ఆవిడ కలిసి బయలుదేరుతున్నారట. "మాఘమాసం. బాయిలింగ్. కమ్, కమ్" అని మా ఆవిడ వాళ్ళని ఎప్పుడో పిలిచేసిందట. లంకలో పసుపు ఉడకబెట్టే పొయ్యిల దగ్గర కూర్చోబెడుతుందట, ఉయ్యూరు వీరమ్మ తిరనాళ్ళకీ తిప్పుతుందట. వీసా కాగితాలు నన్ను చూసుకోమంది.

సోమవారం నుంచి ఇంట్లో మేస్త్రీ ఉన్నాడు. మోకాలు ఆయన కోసం వెనకవైపు బాత్‌రూములో కింద కూర్చునేది పగలగొట్టి కుర్చీలాంటిది పెడుతున్నాం, పట్టుకోవటానికి గోడకి స్టీలు కమ్మీ. నేను చెప్పిన ఎత్తు కాదని మా ఆవిడ వచ్చి మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించి, "సిక్స్ ఫీట్ మనిషి" అని వెళ్ళింది.

"ఎవరొస్తున్నారు మాస్టారూ? మీతో పాటు అమెరికాలో పనిచేసినోళ్ళా?" అన్నాడు మేస్త్రీ.

"కాదోయ్, మా ఆవిడ స్నేహితులు" అన్నాను. "కమ్మీ గట్టిగా బిగించు."