నీళ్లు రావు, వస్తే పోవు

సైకిలు హ్యాండిలుకి తగిలించుకునే బ్యాగు మీద 'వాటర్‌ప్రూఫ్' అన్న మాట ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే, దాంతోపాటు మడతపెట్టి ఇచ్చే రెయిన్‌కవరు అంత పెద్దదిగా ఉంటుంది. నాకు వచ్చినది నిమ్మపండు రంగుది. డబ్బా విప్పుతుంటే మా ఆవిడ చూసి, "తడవని సంచీకి మళ్లీ గొడుగెందుకండీ?" అంది. "ఎక్స్‌ట్రా ప్రొటెక్షన్" అన్నాను, డబ్బా మీదున్నది చదివి. "ఈత బాగా వచ్చన్నవాడి నడుముకి సొరబుర్ర కట్టి పంపినట్టుంది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూటే ఆ మాట చెవినేసుకుని ఉంటే నాకు 4,800 రూపాయలు మిగిలేవి.

వేసుకోలేదు. సంక్రాంతికి మొదలుపెట్టి ఉగాది దాకా వెతికి ఎంచుకున్న బ్యాగు మరి. లాంగ్ రైడ్లు చేసేవాళ్లలో ఇదొక వ్రతం. 200 కిలోమీటర్ల బీఆర్ఎమ్ రైడుని పదమూడున్నర గంటల గడువులో తొక్కి పారేసేవాడు, బ్యాగు దగ్గరికొచ్చేసరికి మూడు నెలలైనా ఒక నిర్ణయానికి రాలేడు. ఎన్ని లీటర్లు పడతాయి, ఎన్ని గ్రాముల బరువు, క్లిప్పు ఏ రకం, బ్రేకు తీగలకు అడ్డొస్తుందా, అన్నీ ఆరా తీస్తాడు. వానలో మూత తీస్తే ఏమవుతుందని మాత్రం అడగడు. వెనక క్యారియర్‌కి వేలాడే బ్యాగులను పొద్దున మూస్తే మళ్లీ రాత్రి బసలోనే తెరుస్తాం. హ్యాండిల్ బ్యాగు అలా కాదు. ఫోనుకీ, చిల్లరకీ, చిక్కీ ముక్కకీ రోజుకు యాభైసార్లు తెరుస్తాం. తెరవడం కోసమే పుట్టిన సంచీని మూసి ఉన్నప్పటి గుణం చూసి కొంటున్నామన్నమాట.

ఇక 'వాటర్‌ప్రూఫ్' అన్న మాట సంగతి. ఈ బజారులో మూడు మాటలు నడుస్తాయి. వాటర్ రెపెల్లెంట్ అంటే నీటిబొట్టు తామరాకు మీదలా కాసేపు ముత్యమై నిలిచి జారిపోతుంది, ఆ 'కాసేపు' అయ్యాక గుడ్డలోకి దిగుతుంది. వాటర్ రెసిస్టెంట్ అంటే తుంపరయితే పర్వాలేదు, వానయితే మీ అదృష్టం. వాటర్‌ప్రూఫ్ అంటే అమ్మేవాడి ఇష్టం.

మాట చాలదనుకున్నవాళ్లకు అంకెలున్నాయి. ర్యాంకు చూడందే పిల్లవాణ్ని కాలేజీలో వేయని జాతికి అంకె కనిపిస్తే చాలు, ప్రాణం లేచొస్తుంది. మా సైకిలు మిత్రుడొకాయన "మాది పదివేల మిల్లీమీటర్లు, చిరపుంజికి తీసుకెళ్లినా భయం లేదు" అని ఛాతీ విరుచుకున్నాడు. చిరపుంజిలో ఏడాదికి 11,000 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుందని ఎక్కడో చదివినట్టున్నాడు. ఆయన లెక్కన ఏడాదిలో ఓ నెల తక్కువ అంతా సురక్షితమే. ఆ పదివేలు వాన కొలత కాదు మహానుభావా! గుడ్డముక్క మీద నీటిని స్తంభంలా నిలబెట్టి, ఎంత ఎత్తు దాకా అవతలికి చుక్క దిగకుండా ఆగిందో చెప్పే కొలత. పరీక్ష రాసింది గుడ్డ. సర్టిఫికెట్టు పట్టుకు తిరుగుతున్నది బ్యాగు. ఆ గుడ్డనే తర్వాత కుట్టుమిషను కింద పెట్టి సూదితో వందల బెజ్జాలు పొడిచారన్న సంగతి సర్టిఫికెట్టులో ఉండదు. బెజ్జాల మీద లోపలివైపు టేపు అతికించారో లేదో తిరగేసి చూసే కొనుగోలుదారుణ్ని నేనింతవరకు చూడలేదు, అద్దంలో కూడా.

ఐపీ నంబరుదీ ఇదే కథ. అసలది ఎలక్ట్రిక్ సామాన్ల పెట్టెల కోసం పెట్టుకున్న లెక్క. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. నీటి అంకె 4 అయితే చుట్టూ చిమ్మే తుంపరకి ఆగుతుంది, 6 అయితే బలమైన ధారకి ఆగుతుంది, 7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా ఆగుతుంది. 7 తెచ్చుకున్నది 6 కూడా దాటినట్టేనని రూలు లేదు. బకెట్లో మునిగి నెగ్గినది ఘాట్ దిగేటప్పుడు ఎదురుగా కొట్టే వానకి ఓడిపోవచ్చు. నా బ్యాగుకి 4 వచ్చింది. నూటికా, పదికా అని అడగలేదు నేను.

ఆగస్టులో శృంగవరపుకోట దాటి, బొడ్డవర మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాం, అరకు వెళ్లాలని. వాన అందుకుంది. నిమ్మపండు కవరు తొడిగాను. రెండో మలుపులో గాలి దాన్ని ఊడబెరికి లోయలోకి తీసుకుపోయింది. పోతే పోయింది, బ్యాగే వాటర్‌ప్రూఫ్ కదా అనుకున్నాను. గంట తర్వాత ఒక టీ బడ్డీ దగ్గర ఆగి జిప్పు తీశాను. లోపల రెండు వేళ్ల లోతు నీళ్లు. గ్లూకోజ్ బిస్కెట్లు కరిగి జావయ్యాయి, ఆ జావలో ఓఆర్ఎస్ పొడి కలిసింది, పైన ఆధార్ జిరాక్సు తేలుతోంది, మొహం చెదిరిపోయి. నీళ్లు జిప్పు చివర, రన్నర్ ఆగే చోట, చిటికెనవేలి గోరంత సందులోంచి వచ్చాయి. వచ్చినవి బయటికి పోలేదు. గుడ్డ నిజంగానే ఒక్క చుక్కని కూడా వదిలే రకం కాదు. ఆ విషయంలో కంపెనీ మాట నిలబెట్టుకుంది. పాత కాన్వాసు సంచీ అయితే పైన తడిసి కింద కారేది.

బ్యాగు వంచి నీళ్లు పారబోస్తుంటే టీ కాచే ఆవిడ, "ఏటి బాబూ, నీళ్లు మోసుకొచ్చేరా?" అంది. సంగతి చెప్పాను. "ఎంతెట్టి కొన్నారు?" అంది. రెండు వేలన్నాను, పరువు కోసం. ఆవిడ నవ్వలేదు, జాలిపడింది. అదింకా కష్టంగా తోచింది. ఆవిడ ఫోను బల్ల మీదే ఉంది, చూరు నీళ్లు కారే చోట. కడిగి ఆరబెట్టిన అరలీటరు పాలప్యాకెట్లో దూర్చి, మూతి రెండుసార్లు మడిచి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. అందులోంచే వేలితో నొక్కి ఎవరికో ఫోను కూడా చేసింది. పంచదార వచ్చిన పాలిథిన్ కవరొకటి నాకిచ్చి, "ఇందులో ఎట్టుకోండి, తడవదు" అంది. తడవలేదు.

మూతి మడిచే ఆ విద్యనే జర్మనీలో రోల్‌టాప్ అంటారు. 1980ల మొదట్లో హార్ట్‌ముట్ ఓర్ట్‌లీబ్ అనే కుర్రాడు ఇంగ్లండు వానల్లో సైకిలు తొక్కుతూ, సామాన్లన్నీ తడిసిపోయి, పక్కనుంచి పోయే లారీ మీది టార్పాలిన్ చూసి బుద్ధి తెచ్చుకున్నాడు. ఇంటికెళ్లి లారీ పట్టాతోనే సంచులు చేశాడు. 1982లో కంపెనీ పెట్టాడు. తర్వాత కుట్టు మానేసి అతుకులను కరిగించి కలపడం నేర్చారు, కాబట్టి బెజ్జాల బాధ లేదు. ఆయన మీద నాకు కోపం లేదు. పట్టాని పట్టా అన్నాడు. కోపమంతా జిప్పుకి మెరుగు పూసి వాటర్‌ప్రూఫ్ అనేవాళ్ల మీద. జపాన్ వైకేకే వాళ్లు తమ ఆక్వాగార్డ్ జిప్పుని రెపెల్లెంట్ అనే చెప్పుకుంటారు, వాటర్‌ప్రూఫ్ అనరు. జిప్పు చేసేవాడికి లేని ధైర్యం దాన్ని కుట్టేవాడికి ఎక్కణ్నుంచి వస్తుందో!

వెనకటికి, 1884లో, థామస్ స్టీవెన్స్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్దచక్రం సైకిలెక్కి, భూమి చుట్టి 1886 చివర్లో యొకొహామాలో దిగాడు. మధ్యలో మన లాహోర్-కలకత్తా రోడ్డు కూడా తొక్కాడు. ఆయన హ్యాండిల్ సంచీలో మేజోళ్లు, ఒక చొక్కా, ఒక రివాల్వరు, గుడారంగానూ పక్కగానూ పనికొచ్చే ఒక రెయిన్‌కోటు. ఆయన రెయిన్‌కోటుని సంచీలో పెట్టుకున్నాడు. మనం సంచీకి రెయిన్‌కోటు తొడుగుతున్నాం.

కొనక తప్పదంటారా? జిప్పు మూతది వద్దు. ట్రంకుపెట్టె మూతలా నాలుగువైపులా అంచు కిందికి దిగి, మీవైపు కాక ముందుకి తెరుచుకునేది చూడండి. అతుకులు లోపలివైపు తడిమి చూడండి. ఇంటికి తెచ్చిన రోజే లోపల పాత పేపరు కుక్కి, మూసి, బాత్‌రూములో షవర్ కింద పావుగంట నిలబెట్టండి. నేను మార్చిలో కొన్నాను. తిరిగిచ్చే గడువు ఏడు రోజులు. నా ఘాట్ రోడ్డు మీద వాన పడింది ఆగస్టులో.