మా సంఘానికో కంప్యూటర్ కావాలి

ఎవరినైనా ఏ టీవీ వాడుతున్నారని అడగండి, కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటారు. ఏ ఫ్రిజ్ అని అడగండి, కొన్న ధర కాస్త పెంచి చెబుతారు. ఏ కంప్యూటర్ అని మాత్రం అడక్కండి. అడిగారా, ఇక మీరు కూర్చోవాలి, ఆయన నిలబడతాడు. సిద్ధాంతం మొదలవుతుంది.

విండోస్, మ్యాక్, లినక్స్ అని లోకంలో మూడు పార్టీలున్నాయి. మూడింటికీ కార్యకర్తలున్నారు, మేనిఫెస్టోలున్నాయి, పక్క పార్టీ మీద తవ్వి తీయడానికి పాత కేసులున్నాయి. లేనిదల్లా రోజువారీ పనిలో తేడా. మూడు పార్టీల వాళ్లూ పొద్దున్నే బ్రౌజరే తెరుస్తారు. మెయిల్ చూస్తారు, కరెంటు బిల్లు కడతారు, యూట్యూబ్‌లో పాత పాట పెట్టుకుంటారు, ఏదో దరఖాస్తు కోసం ఒక పీడీఎఫ్‌ను 200 కేబీకి కుదించబోయి గంటసేపు తంటాలు పడతారు. ఓటీపీ రాకపోతే ముగ్గురికీ సమానంగా రాదు. సమసమాజం అంటే అదే.

ఇంత తెలిసీ మా అపార్ట్‌మెంట్ సంఘం ఒక కంప్యూటర్ కొందామనుకుంది. అజెండాలో అది మూడో అంశం. మొదటిది లిఫ్టు మరమ్మతు, రెండోది బోరు మోటారు. రెండూ లక్షల ఖర్చు. లిఫ్టు గురించి గానీ మోటారు గురించి గానీ ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి చేతులెత్తేసి చిటికెలో ఆమోదించారు. కంప్యూటర్ నలభై వేల వ్యవహారం. దాని గురించి అందరికీ తెలుసు. బండి అక్కడ ఆగింది.

ముందుగా లేచింది రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు. "మనకు కావలసింది మెయింటెనెన్స్ లెక్కలు. లెక్కలంటే ఎక్సెల్, ఎక్సెల్ అంటే విండోస్. ఇందులో చర్చించడానికేముంది?" అన్నారు.

చర్చించడానికి ఉంది. ఎక్సెల్‌ను మైక్రోసాఫ్ట్ 1985లో ముందుగా తయారుచేసింది మ్యాక్ కోసమే. విండోస్‌కు అది 1987లో గానీ రాలేదు. అదే ఏడాది పవర్‌పాయింట్ కూడా మొదట మ్యాక్ మీదే వచ్చింది. మేనేజరు గారు సర్వీసంతా నమ్ముకున్న ఎక్సెల్‌కు పుట్టిల్లు శత్రుశిబిరం.

అలాగని విండోస్ గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. ఏ ఊళ్లో ఏ సందులోకి వెళ్లినా దాన్ని బాగుచేసేవాడు దొరుకుతాడు. ట్యాలీ నడిచేది దాని మీదే. ఆడిటర్ గారి డిజిటల్ సంతకం డాంగిల్ పెద్దగా మొరాయించకుండా పలికేది దానికే. పిల్లల ఆటలకూ అదే దిక్కు. కాకపోతే ఇంట్లో సామాను సర్దినట్టే సర్దుతూ ఉంటుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు స్టార్ట్ బటన్ తీసేశారు. జనం గగ్గోలు పెడితే 2013లో 8.1తో తిరిగి తెచ్చి పెట్టారు. 11కు వచ్చేసరికి దాన్ని ఎడమ మూల నుంచి నడిమధ్యకు జరిపారు. వాస్తు ఎవరు చూశారో చెప్పలేదు.

విండోస్ 10 వచ్చిన 2015లో, ఇదే ఆఖరి విండోస్ అని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు సభాముఖంగా అన్నారు. ఇవే నా ఆఖరి ఎన్నికలు అనే మాటను మనం ఎన్నిసార్లు వినలేదు? 2021లో 11 నామినేషన్ వేసింది. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, మరీ పాతది కాని ప్రాసెసర్ కావాలి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. ఆ ముందురోజు దాకా నిక్షేపంలా పనిచేసిన లక్షలాది కంప్యూటర్లు తెల్లారేసరికి వృద్ధాప్య పింఛనుకు అర్హత సంపాదించాయి.

"అంకుల్, 2024 జులై 19 మర్చిపోయారా?" అంటూ లేచాడు అమెరికా నుంచి తిరిగొచ్చిన సాఫ్ట్‌వేర్ సారు. "ఆ రోజు శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అన్నీ విండోసే!"

"అది విండోస్ తప్పెలా అవుతుందయ్యా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన అప్‌డేట్ తప్పు" అన్నారు మేనేజరు గారు. నిజమే. కాపలా కాయాల్సినవాడే కన్నం వేస్తే ఇంటాయన మాత్రం ఏం చేస్తాడు? కన్నం పడిన ఇళ్లు సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది.

సాఫ్ట్‌వేర్ సారు గొంతు సవరించుకున్నాడు. "ఒక్కసారి మ్యాక్ వాడితే మళ్లీ వెనక్కి చూడరు అంకుల్."

"ఎలా చూస్తారు? వెనకాల క్రెడిట్ కార్డు బిల్లు ఉంటుందిగా" అన్నారు మేనేజరు గారు.

మ్యాక్ మంచిదే. ఆపిల్ 2020లో సొంత చిప్పులు పెట్టడం మొదలెట్టాక మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాను కూడా లేదు. చప్పుడు చేయదు, వేడెక్కి ఒడి కాల్చదు, చార్జర్ ఇంట్లో మర్చిపోయినా సాయంత్రం దాకా పరువు కాపాడుతుంది. కానీ కొనే రోజున ర్యామ్ ఎంత కావాలో జాతకం చూసి చెప్పాలి. తర్వాత పెంచుకోవడం కుదరదు. 2021లో ఆపిల్ తెర తుడుచుకునే గుడ్డ ఒకటి విడిగా అమ్మకానికి పెట్టింది, మన దగ్గర ధర 1,900 రూపాయలు. ఆ డబ్బుకు మంగళగిరి చీర వస్తుందని మా కోశాధికారి గారు అన్నప్పుడు సారు దగ్గర జవాబు లేదు. ఇక 2015 నాటి మ్యాజిక్ మౌస్‌కు చార్జింగ్ రంధ్రం పొట్ట కింద పెట్టారు. చార్జింగ్ ఎక్కేదాకా మౌస్ తిరగబడి పడుకుంటుంది, మీరు చేతులు కట్టుకుని కూర్చుంటారు. 2024లో ఆ రంధ్రం ఆకారం మార్చారు, చోటు మాత్రం మార్చలేదు.

తెలుగువాళ్లం మ్యాక్‌కు ఒక అపకారం కూడా చేశాం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనపడని ఒక సంకేతం ఇరికించి పంపితే, ఐఫోన్లలో, మ్యాక్‌లలో దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. కోట్ల డాలర్ల కంపెనీ ఒక్క గుణింతానికి బెంబేలెత్తి, ఆ నెలలోనే అత్యవసరంగా అప్‌డేట్ విడుదల చేసింది. మన ఒకటో తరగతి పిల్లలు అదే అక్షరానికి ఏడిస్తే పంతుళ్లు ఏ అప్‌డేటూ ఇవ్వలేదు, బెత్తం ఇచ్చారు.

అప్పటిదాకా వెనక బల్ల మీద కూర్చున్న ఇంజనీరింగ్ కుర్రాడు లేచి నిలబడ్డాడు. "అంకుల్, లినక్స్ ఫ్రీ."

ఫ్రీ అన్న మాట వినగానే సభ చప్పట్లతో మారుమోగింది. ఉచితాలను కాదన్న ఓటరు మన రెండు రాష్ట్రాల్లో ఇంకా పుట్టలేదు. "ఏ లినక్స్ రా?" అని పక్క బ్లాకు కుర్రాడు అడగకపోయి ఉంటే తీర్మానం ఆ క్షణమే అయిపోయేది. వీడు ఉబుంటు అన్నాడు, వాడు ఫెడోరా అన్నాడు. మింట్ అని ఎవరో గొణిగారు. ఆర్చ్ వాడేవాడు ఒకడున్నాడు, ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పాడు. అధికారంలోకి రాకముందే పార్టీ నాలుగు ముక్కలయింది.

లినక్స్ కథ నిజంగా గొప్పది. 1991 ఆగస్టులో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అది పెద్దగా ఏమీ కాదని నలుగురికీ చెప్పాడు. ప్రపంచంలో అతి వేగంగా పనిచేసే 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచీ ఉన్నవన్నీ ఆ సరదా మీదే నడుస్తున్నాయి. తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో అది లెక్కగట్టి చెబుతుంది. ఆ లెక్కను కాగితం మీద అచ్చువేసి పెట్టమంటే మాత్రం ఒక్కోసారి ప్రింటర్ డ్రైవర్ నువ్వే వెతుక్కో అంటుంది. మెనూలన్నీ తెలుగులో కనపడేలా లినక్స్‌ను మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ తీర్చిదిద్దింది. మనం భాషాభిమానులం గనక ఆ ప్రయత్నాన్ని మనసారా అభినందించాం. ఇంటికెళ్లి దొంగ విండోస్ ఎక్కించుకున్నాం.

"నా బొందిలో ప్రాణం ఉండగా లినక్స్ ముట్టను" అని మేనేజరు గారు ప్రతిజ్ఞ చేశారు. ఆ ప్రతిజ్ఞను ఆయన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను శ్రద్ధగా రికార్డు చేసింది. ఆ ఫోను లోపల నడిచేది లినక్స్ కెర్నలే. ఎవరూ ఆయనకు చెప్పలేదు. బీపీ మనిషి.

కింద మనం ఇలా చొక్కాలు చింపుకుంటుంటే పైన నాయకులు ఏం చేస్తున్నారు? కాపీ కొట్టావంటూ 1988లో మైక్రోసాఫ్ట్ మీద ఆపిల్ కోర్టుకెక్కింది. 1997లో ఆపిల్ పీకల్లోతు కష్టాల్లో ఉంటే అదే మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది. ఆ కబురు చెప్పడానికి బిల్ గేట్స్ ఆపిల్ సభలో పెద్ద తెర మీద కనపడితే కార్యకర్తలు కేకలు పెట్టి గోల చేశారు. స్టీవ్ జాబ్స్ మాత్రం వేదిక మీద నిలబడి కృతజ్ఞత చెప్పాడు. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో ఆ కుర్చీ ఎక్కిన మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు పూర్వ విద్యార్థి సత్య నాదెళ్ల, తమకు లినక్స్ అంటే ప్రేమ అని ప్రకటించారు. 2016 నుంచి విండోస్ లోపలే లినక్స్ కాపురం పెట్టింది. ఆపిల్ ప్రకటనల్లో 2006 నుంచి 2009 దాకా 'నేను మ్యాక్‌ని' అంటూ పీసీని ఏడిపించిన నటుడు జస్టిన్ లాంగ్, 2021లో ఇంటెల్ ప్రకటనల్లో చేరి మ్యాక్‌నే వెక్కిరించాడు. కండువా మార్చడం మన ఎమ్మెల్యేల సొంత విద్య అనుకున్నాం గానీ, అది అంతర్జాతీయ కళ.

సభ వేడెక్కింది. ఆ చీర మాట తప్ప అంతసేపూ ఇంకేమీ మాట్లాడని కోశాధికారి గారు, లెక్కల టీచరుగా రిటైరయినావిడ, కుర్రాణ్ణి పిలిచి "ఇదుగో నాన్నా, బోరు నోటీసు తెలుగులో రాసిచ్చాను. రోడ్డు మీదికెళ్లి టైపు చేయించుకురా. పెద్దవాళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు" అన్నారు. తోడుగా నేనూ వెళ్లాను.

మా వీధి చివర డీటీపీ షాపుకు పార్టీ లేదు. శుభలేఖలు, కర్మకాండ కార్డులు, ఎన్నికల కరపత్రాలు, అద్దె ఒప్పందాలు అక్కడే పుడతాయి. ఆ కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉంది, మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే దాన్ని వదిలేసింది. 2001 నాటి పేజ్‌మేకర్ 7 ఉంది, అను ఫాంట్లున్నాయి. యూనికోడ్ గొడవ ఆ గడప తొక్కలేదు. ఇక్కడ కొట్టిన తెలుగును నేరుగా వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఏ దేశపు భాషో పోల్చుకోలేం. ఆపరేటర్ తెర వైపు చూడడు. క్లిప్పుకు పెట్టిన మా కాగితం వైపే చూస్తుంటాడు. కీబోర్డు మీద అక్షరాలు ఏనాడో అరిగిపోయి నల్ల మీటలే మిగిలాయి. వేళ్లు మాత్రం ఒత్తులు, గుణింతాలు తడుముకోకుండా వెతికి పట్టుకుంటున్నాయి. అతను వాడే తెలుగు కీబోర్డు అమరిక పేరు ఆపిల్. ఆపిల్ కంప్యూటర్‌ను అతను ముట్టుకుని ఎరగడు.

"అన్నా, ఎక్స్‌పీ సేఫ్ కాదన్నా. వైరస్‌లొస్తాయి" అన్నాడు కుర్రాడు ఉండబట్టలేక.

"నెట్టే పెట్టలేదు తమ్ముడూ, ఎట్లొస్తయి?"

"విండోస్, మ్యాక్, లినక్స్... నీ ఉద్దేశంలో ఏది బెస్టన్నా?"

"మీకు ఎన్ని కాపీలు?" అన్నాడతను.

మేం కాపీలు పట్టుకుని తిరిగొచ్చేసరికి సభ ఒక నిర్ణయానికి వచ్చింది. ఉపసంఘం వేశారు. సభ్యులు మేనేజరు గారు, సాఫ్ట్‌వేర్ సారు, ఉబుంటు కుర్రాడి నాన్నగారు. ఆ తర్వాత కొనబోయే కంప్యూటర్ మీద ముగ్గురూ తలా ఒక నివేదిక రాసుకొచ్చారు. ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరిస్తే పట్టికలు పక్కకు ఒరిగాయి, తెలుగు అక్షరాల చోట డబ్బాలొచ్చాయి. చివరికి ఎవరి తెరను వాళ్లు ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నారు. ఏ సిస్టమ్ గొప్పదో తేలేదాకా ఏ సిస్టమ్ మీదా పని మొదలుపెట్టక్కర్లేదన్న విషయం మాత్రం మూడు నివేదికల్లోనూ స్పష్టంగా ఉంది.

ఈలోగా లెక్కలు కోశాధికారి గారి పొడుగు నోటుపుస్తకంలోనే నడుస్తున్నాయి. కంప్యూటర్ రాగానే బకాయిదారుల జాబితాను ప్రతి నెలా ఒకటో తారీఖున అచ్చువేసి లిఫ్టులో అంటించాలని తీర్మానంలో ఒక షరతు ఉంది. ఆవిడ అనుమతితో పుస్తకం తిరగేశాను. ఆర్నెల్లుగా మెయింటెనెన్స్ కట్టని ఫ్లాట్లు మూడు. ఆ మూడు ఫ్లాట్ల యజమానులూ ఉపసంఘంలోనే ఉన్నారు. తుది నివేదికకు ఇంకో మూడు నెలల గడువు కావాలని వాళ్లు కలిసి సంతకాలు పెట్టి అడిగారు. విండోస్, మ్యాక్, లినక్స్ ఏకాభిప్రాయానికి రావడం మా అపార్ట్‌మెంట్ చరిత్రలో అదే మొదటిసారి.