బంధారా పలక ఆత్మకథ

మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లాలో కాసారి, కుంభి, తుళశి, భోగావతి నదులు కలిసి పంచగంగగా మారి, నరసోబావాడి దత్తక్షేత్రం వద్ద కృష్ణలో చేరే దారి పొడవునా, నీటిని గట్లు దాటనీయకుండా ఏటిలోనే నిలిపే పొట్టి ఆనకట్టలు కనిపిస్తాయి. కొల్హాపూర్ పద్ధతి బంధారా అని పేరుపొందిన ఈ కట్టడానికి నిండు గోడ ఉండదు; ఏటికి అడ్డంగా స్తంభాలు వరుసగా నిలుస్తాయి, వాటి నడుమ ఉండే ఖాళీలను ఖానాలంటారు, స్తంభాల పక్కల్లోని గాడుల్లోకి వానలు వెనకబట్టాక పలకలను ఒకదానిపై ఒకటిగా దించి, మళ్లీ తొలకరికి ముందే పైకి తీసేస్తారు. అటువంటి ఒక ఖానాలో అన్నిటికంటే అడుగున కూర్చునే ఫైబర్ పలక తన కథను ఇక్కడ చెప్పుకొంటున్నది; తన జాతి అంతటికీ వర్తించే సంగతులు కాబట్టి ప్రథమ పురుషలోనే చెప్పుకొంటున్నది.

ఈ పలకకు ముందు ఆ గాడుల్లో చెక్క, ఆ తరువాత ఇనుము ఉండేవి. చెక్కపలకలను రెండు వరుసలుగా దించి మధ్యలో బంకమట్టి కూరితే నీరు నిలిచేది గాని, ఏటా తడిసి ఎండే చెక్క వంకరపోయి చీకిపోయేది. ఇనుము బలమైనదే అయినా తుప్పు దాన్ని అంచుల నుంచి తినేది, అంతకు మించి పాత ఇనుము ధర దానికి శత్రువైంది: గట్టుమీద పేర్చిన పలకలు రాత్రికి రాత్రే మాయమైతే, ఆ ఏడు ఆ ఖానా నీటిని ఆపలేదు, ఎగువన మోటార్లు పెట్టుకున్న చెరకు రైతుకు తడి అందదు. పాత సామాన్ల అంగడిలో చెల్లని సరుకు కావడం ఫైబర్ పలకకున్న పెద్ద గుణం, దాన్ని చిన్నచూపు చూడడం తగదు.

పలక పుట్టుక అచ్చులో జరుగుతుంది. నునుపు చేసిన అచ్చుకు ముందుగా జెల్ కోటు అనే రంగు కలిపిన పలుచని పొర పూస్తారు. అదే తరువాత పలకకు చర్మమై ఎండను, తడిని అడ్డుకుంటుంది. దానిపై గాజుపోగుల చాప పరచి, గట్టిపడే మందు కలిపిన పాలియెస్టర్ రెజిన్‌తో తడిపి, గాలిబుడగలు పోయేదాకా రోలరుతో ఒత్తుతారు. ఈ ఒత్తడంలోనే పలక ఆయుష్షు చాలావరకు తేలిపోతుంది, ఎందుకంటే లోపల చిక్కిన బుడగలోకి ఏళ్ల తరబడి నీరు చెమ్మగా చేరి పైపొరను బొబ్బలుగా లేపుతుంది. రెజిన్లలో ఐసోఫ్తాలిక్ రకం నీటిని బాగా తట్టుకుంటుంది గనుక కొంత ఖర్చు ఎక్కువైనా అదే వాడాలి; కోసిన అంచుల్లో బయటపడ్డ గాజుపోగులు తడిని లోపలికి పీల్చకుండా వాటికీ రెజిన్ పూయాలి.

బలం విషయానికొస్తే, నీటి ఒత్తిడి లోతుతో పెరుగుతుంది: మీటరు లోతున చదరపు మీటరుకు ఒక టన్ను, రెండు మీటర్ల లోతున రెండు టన్నులు. రెండు మీటర్ల పొడవు, అర మీటరు ఎత్తు ఉన్న ఈ పలక మూడు మీటర్ల నీటి అడుగున కూర్చున్నప్పుడు దాదాపు 2.75 టన్నులు మోస్తుంది. పొట్టిపోగుల చాపతో చేసిన ఫైబర్ ఈ బరువుకు విరగకపోవచ్చు గాని, వంగకుండా ఉండే గుణం దానికి ఉక్కులో ఇరవయ్యో వంతు కూడా లేదు. వంగితే అంచు గాడి నుంచి ఎడమై నీరు కారుతుంది. కాబట్టి మందం పెంచి డబ్బు పోగొట్టుకోకుండా, దిగువ ముఖాన అడ్డపట్టీలు లేపాలి. పట్టీ లోతు రెట్టింపయితే దాని బిగువు ఎనిమిది రెట్లవుతుంది, వెడల్పు రెట్టింపయితే రెండు రెట్లే. నిరంతర భారం కింద ప్లాస్టిక్ నెలల తరబడి మెల్లమెల్లగా సాగుతూ పోయే గుణాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, మొదటిరోజు వంపుకు కాక చైత్ర వైశాఖాల నాటి వంపుకు కొలత వేయాలి.

పలక గాడిలో దిగేటప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. నీటిలో మునిగిన ఫైబర్ బరువు సగానికంటే తగ్గుతుంది కనుక గాడి అడుగున ఒండ్రు, గులకరాయి ఉంటే పలక వాటిని నొక్కి కూర్చోలేదు. కొక్కెం కర్రతో పైనుంచి అదమాలి, దించేముందు గాడి శుభ్రం చేయాలి. అంచులకు బిగించిన రబ్బరు పట్టీని నీటి ఒత్తిడే గాడికి అదిమి కారుడును ఆపుతుంది.

ఆశ్చర్యమేమిటంటే, పలక ముసలితనం నీళ్లలో కంటే గట్టుమీదే ఎక్కువ వస్తుంది. పేర్పులో పైనున్న పలక ఎండకు పాలిపోయి, జెల్ కోటు సుద్దలా రాలి, గాజుపోగులు తేలుతాయి. కింద ఎగుడుదిగుడుగా ఉంటే వంపు శాశ్వతమవుతుంది. ఒక రేకుల కప్పు, సమంగా వేసిన మూడు దుంగలు ఉంటే ఈ నష్టం తప్పుతుంది, అయినా పలకల ఖర్చు అంచనాల్లో ఆ కప్పుకు చోటు దొరకడం అరుదు.

గట్టిపడిన రెజిన్‌ను కరిగించి మళ్లీ పోయడం వీలుకాదు, అందువల్ల పగిలిన పలకను పారేయకుండా కోసి అతుకు వేయడమే మేలు. రబ్బరు పట్టీ పలకకంటే ముందే అరిగిపోతుంది కాబట్టి దాన్ని అంటించకుండా, తుప్పుపట్టని బోల్టులతో బిగించి, ఊళ్లో దొరికే పానాతోనే విప్పి మార్చుకునేలా చేయాలి.